ఐదో గడి

ఆయన్ని ఆఫీసులో అందరూ కామా గారు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి నొచ్చుకోకపోగా, ఇన్నేళ్ళ సర్వీసులో తనకు న్యాయంగా దక్కిన బిరుదు అదొక్కటేనని అనుకుంటారు.

ఏడు వర్ధమాన దేశాలు ఒక కూటమి కట్టి, ఒకరి సరుకు ఒకరు సుంకాల బెడద లేకుండా కొనుక్కుందామని చేతులు కలిపి ఇరవై రెండేళ్ళయింది. అంత కాలమూ తన దేశం తరఫున ఆ చర్చల బల్ల దగ్గర కూర్చున్నది ఈయనే. ఇద్దరు ప్రతినిధులు ఎక్కడ కొట్టుకోబోతే అక్కడ ఒక కామా పెట్టి, ‘పరిస్థితులను బట్టి’ అని ఒక ముక్క తగిలించి, వాక్యాన్ని ముందుకు నెట్టేసేవారు. అలా నెట్టగా నెట్టగా ఒప్పందంలోని మూడో వాక్యం రెండున్నర పేజీలయింది. దాని చివరిదాకా చదివిన మనిషి ఇంతవరకూ ఆయనకి తగల్లేదు. ఆయన కూడా రెండుసార్లు ప్రయత్నించి నిద్రపోయారు.

ఎట్టకేలకు ఒప్పందం సంతకాల దాకా వచ్చింది. అన్ని సరుకుల మీదా సుంకం ఎత్తేస్తే కొంపలు మునుగుతాయేమోనని ప్రతి దేశానికీ ఒక భయం. అందుకని ఒక్కొక్కరు ఐదు సరుకుల్ని మినహాయించుకోవచ్చన్నారు. వాటిమీద పూర్తి సుంకం పడుతుంది. ఒకరు ఏ సరుకుకి తలుపు మూస్తే, మిగతావాళ్ళు కూడా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే అదే సరుకుకి తలుపు మూస్తారు. కూటమిలో అందరూ సమానం కాబట్టి అందరికీ ఐదే. ఆరు కుదరదు. నాలుగు కూడా కుదరదు, నాలుగే పెట్టిన దేశం మిగతావాళ్ళకి లోకువైపోతుంది గనక. ఈ చివరి ఆలోచన కామా గారి సొంత బుర్రలో పుట్టింది. పద్నాలుగో అధికరణంలో ‘అంశాల సంఖ్య ఐదుకు తగ్గరాదు’ అని రాసిన రోజున ఆయన ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళారు.

తీరా చూస్తే ఆయన దేశానికి కావలసినవి నాలుగే. పంచదార, సిమెంటు, టైర్లు, పాలపొడి. ఐదో గడి ఖాళీ. సంతకాల రోజున కాగితం ముందుకొచ్చింది, టీకి ఇంకా నాలుగు నిమిషాలుంది, పక్కవాళ్ళందరి గడులూ నిండుగా కళకళ్ళాడుతున్నాయి. ఆ రోజు వాన. ఆయన కుర్చీకి గొడుగు తగిలించి ఉంది. అక్క షెడ్డులో తయారైన గొడుగు. ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ‘గొడుగులు’ అని రాశారు. ఇంత తెలివైన పనిని సగంలో వదలడం ఇష్టంలేక, కామా పెట్టి, ‘వాటి భాగాలు’ అని కూడా చేర్చారు.

సాయంత్రం అక్కకి ఫోన్ చేశారు.

“అక్కా, నీ గొడుగులకి కాపలా పెట్టాను. ఇంక బయటి గొడుగు ఒక్కటి లోపలికి రాదు.”

“సరేగానీ, అన్నం తిన్నావా?” అంది అక్క.

చుట్టుపక్కలవాళ్ళు అక్కతో ఎప్పుడూ అంటూండేవారు, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని. ఆ వడ్డించేవాడు తనే కదా అని కామా గారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు. ఇప్పుడు ఆ నిద్ర తలుచుకుంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

ఒప్పందం అమల్లోకి వచ్చిన మూడో వారం అక్క దగ్గర్నుంచి కబురొచ్చింది, ఒకసారి షెడ్డుకి రమ్మని. ఫోన్లో చెప్పనంది. అక్క ఆయన కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఆయనకి ఎక్కాలు నేర్పింది ఆవిడే, తప్పుకొక మొట్టికాయ చొప్పున. అందుకని ఈ వయసులో కూడా అక్క గొంతు మారితే ఆయన చెయ్యి తనంతట తనే నెత్తిమీదకి పోతుంది.

షెడ్డు పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంటుంది. ఒక గోడవారన గుడ్డ తానులు, రెండో గోడవారన కడ్డీలు. మధ్యలో రెండు వరసల బల్లలు. ఒక వరసలో ఆడవాళ్ళు ఎనిమిది గుడ్డ ముక్కల్ని కలిపి కుడతారు, రెండో వరసలో పుల్లలకి గుడ్డ ఎక్కించి చివర్లు ముడేస్తారు. ఎప్పుడు వెళ్ళినా మిషన్ల చప్పుడులో మాట వినపడేది కాదు. ఆ రోజు బయట ఎవరో సైకిలు బెల్లు కొడితే కూడా వినపడింది. పదకొండుమందిలో ఏడుగురే ఉన్నారు, ఆ ఏడుగురు కూడా పాత గొడుగులకి దుమ్ము దులుపుతున్నారు.

“ఏరా, కాపలా పెట్టానన్నావే, ఎవరిమీద?” అంది అక్క.

“బయటి గొడుగులు వచ్చిపడితే నీ వ్యాపారం దెబ్బతింటుందని…”

“బయటి గొడుగులు ఎవరిక్కావాలిరా? నాకు బయటి పుల్లలు కావాలి.”

ఆవిడ ఒక గొడుగు తీసి ఆయన ముందే విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ ఊడదీసి బల్లమీద పరిచింది. ఇది కొండల దేశం నుంచి వస్తుంది, ఎండకి వెలవదు, అంది. పుల్లలు తీసింది. ఇవి పక్క దేశానివి, ఎంత గాలికైనా వంగుతాయిగానీ విరగవు. స్ప్రింగు ఇంకో దేశానిది. పిడి చెక్క అడవుల దేశానిది. పిడికి వేసిన వార్నీషు ద్వీపం వాళ్ళది. కడ్డీకి నికెలు పూత పూసేది ఆరో దేశంలో. మనం కుట్టి, ముడేసి, ఇస్త్రీ చేసి, సగం గొడుగులు మళ్ళీ ఆ పక్క దేశానికే అమ్ముతాం. ఇదంతా సరిహద్దు సంతల పద్ధతిలో నామమాత్రపు సుంకంతో పందొమ్మిదేళ్ళుగా నడుస్తోంది.

కామా గారి నోట్లో వెలక్కాయ పడింది. ఆ సంతల పద్ధతి ఒప్పందం వచ్చాక ఇంక అనవసరమని రద్దు చేయించింది కూడా ఆయనే. ఇరవై రెండేళ్ళు ఏ ఏడు దేశాల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి ఆయన జుట్టు నెరిసిందో, ఆ ఏడు దేశాలూ అక్క ఒళ్ళో ఎప్పుడో కలిసి కూర్చున్నాయి. ఆయన వచ్చి లేపేశారు.

“పుల్లల లారీ సరిహద్దు గేటు దగ్గర నిలబడిపోయింది. పూర్తి సుంకం కట్టి తెచ్చుకుంటే గొడుగు ఖరీదు ఒకటికి ఒకటిన్నర అవుతుంది, ఎవడు కొంటాడు? పక్క దేశంవాళ్ళు కొందామన్నా అవతల వాళ్ళ గేటూ మూసేశారు. అదేమంటే, మీవాళ్ళే ముందు మూశారంటున్నారు. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చున్నావు కదరా, ఒక్కసారైనా నన్ను అడిగావా, గొడుగు ఎలా తయారవుతుందక్కా అని?”

అడగలేదు. ఏడాదికొక గొడుగు ఊరికే తెచ్చుకున్నారుగానీ అడగలేదు.

“నలుగుర్ని మాన్పించాను. కుట్టుపెద్దమ్మని కూడా.”

కుట్టుపెద్దమ్మ షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి. ఎనిమిది ముక్కల కొసలూ నడినెత్తిన ఒక్క చోట కలిసేలా, సూది మొన దూరే సందు కూడా లేకుండా కుట్టేది ఆవిడొక్కతే. ఆవిడ కుట్టిన గొడుగు నడినెత్తిన కారదని పక్క దేశం వ్యాపారులు ప్రత్యేకంగా అడిగి తీసుకెళ్ళేవారు.

“ఇంకో నెల ఇలాగే ఉంటే షెడ్డుకి తాళం వేస్తాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఏమిటో అనుకునేదాన్ని.”

“అక్కా, నేను వెంటనే ఒక లేఖ రాసి…”

“నువ్వింక రాయకు,” అంది అక్క.

కూటమి ఆరునెలల సమావేశం పన్నెండు రోజుల్లో ఉంది. గొడుగుల్ని జాబితాలోంచి తీయించాలంటే అదొక్కటే దారి. పైవాళ్ళని అనుమతి అడిగితే ఏడాది పడుతుంది గనక కామా గారు అడగలేదు. కూర్చుని నాలుగు పేజీల ప్రసంగం రాసుకున్నారు. ‘మారుతున్న వాతావరణ పరిస్థితుల దృష్ట్యా, ప్రాంతీయ ఛత్ర పరిశ్రమ యొక్క’ అని మొదలవుతుంది. ఆ హాల్లో ఇరవై రెండేళ్ళలో ఎవరూ ‘పొరపాటు’ అన్న మాట వాడలేదు. పునఃపరిశీలన అన్నారు, నూతన పరిణామాలు అన్నారు. ఒకసారి ఒక దేశం తన సొంత రాజధాని పేరు తప్పు రాసి, దాన్ని కూడా ‘సాంకేతిక సవరణ’ అంది.

సమావేశంలో తన వంతు వచ్చినప్పుడు ఆయన లేచి చదవడం మొదలుపెట్టారు. రెండో కామా దగ్గర ఆగిపోయారు. షెడ్డులో దుమ్ము దులుపుతున్న ఆ ఏడుగురూ కళ్ళముందు నిలబడ్డారు. తనమీద తనకి ఎప్పుడూ లేనంత అసహ్యం వేసింది. కాగితాలు కింద పెట్టేశారు.

“ఐదో అంశం పొరపాటండి. నేనే రాశాను. గొడుగు గురించి నాకేమీ తెలీదు. గడి ఖాళీగా ఉంది, టీకి వేళవుతోంది, రాసేశాను.”

అందరి చెవుల్లోనూ మాటల్ని తర్జుమా చేసి వినిపిస్తున్న దుబాసీ గొంతు ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ తర్వాత కొండల దేశం ప్రతినిధి గొంతు సవరించుకున్నాడు. ఐదోది తామూ పడవల లంగర్లు అని రాశామన్నాడు. వాళ్ళకి సముద్రం లేదు. అధ్యక్ష స్థానంలో ఉన్నావిడది ద్వీప దేశం. తమ ఐదో అంశం రైలు పట్టాలనీ, తమకు రైలు లేదనీ, వస్తుందనే ఆశ కూడా లేదనీ ఆవిడ చెప్పింది. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. కామా గారికి ప్రాణం లేచొచ్చింది. నవ్వుతున్నవాళ్ళు ఏదైనా ఇచ్చేస్తారని ఆయన అనుభవం.

అధ్యక్షురాలు నవ్వు ఆపి కళ్ళజోడు పెట్టుకుంది. “మీ బాధ అర్థమైందండీ. కానీ పద్నాలుగో అధికరణం ప్రకారం సంఖ్య తగ్గకూడదు. ఇది రాసింది ఎవరో…”

“నేనేనండి,” అన్నారు కామా గారు.

“అయితే గొడుగులు తీసేసి ఇంకొకటి పెట్టండి. పావుగంట ఇస్తున్నాను.”

కొరివితో తల గోక్కోవడమంటే అది. ఆయన వరండాలోకి వచ్చి కలం తీశారు. ‘తాళాలు’ అని రాయబోయారు. తాళానికి స్ప్రింగు ఉంటుంది, తాళంచెవికి ఇత్తడి కావాలి, ఎక్కడో ఒక షెడ్డు ఉంటుంది, అందులో ఎవరి అక్కో ఉంటుంది. దువ్వెనలు? చెప్పులు? చీపుళ్ళు? గుండీలు? నాలుగు నిమిషాల్లో గొడుగులు రాసిపారేసిన మనిషి పది నిమిషాలైనా ఒక్క గుండీ రాయలేకపోయారు. ప్రతి వస్తువు వెనకా ఒక మనిషి తలెత్తి ఆయన వైపే చూస్తున్నట్టుంది. చివరికి సిగ్గు విడిచి అక్కకి ఫోన్ చేశారు.

“అక్కా, తొందరగా చెప్పు. ఒక్క సరుకు కావాలి. అది ఆగిపోతే ఎవరికీ నష్టం ఉండకూడదు.”

“అలాంటిది ఉంటుందిట్రా?”

“ఏదో ఒకటి ఉండాలక్కా, ఐదు నిమిషాలే ఉంది.”

అక్క కొంచెంసేపు ఆలోచించింది. “అయితే మీ పని రాయి. నువ్వూ, నీతోటివాళ్ళూ రాసే ఆ సలహాల పుస్తకాలు. అవి ఆగిపోతే ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరదు.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కామా గారి రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలుంది. ఆ కూటమిలో ఒక మర్యాద ఉంది. రిటైరైన ప్రతినిధిని ఇంకో దేశం సలహాదారుగా పిలుస్తుంది. ఆయన అక్కడ ఏసీ గదిలో కూర్చుని, ఈ ఒప్పందం ఎందుకు అమలు కావడం లేదో వివరిస్తూ లావుపాటి నివేదికలు రాసి ఇస్తాడు, వాళ్ళు కొనుక్కుంటారు. లెక్కల్లో అది ఆయన దేశం నుంచి వచ్చిన సరుకే. కామా గారికి ద్వీపం వాళ్ళు రెండేళ్ళకి మాటిచ్చారు. సముద్రం కనిపించే గది అని కూడా చెప్పారు. భార్య అప్పుడే సూట్‌కేసు కొనేసింది.

ఆయన ఐదో గడిలో ‘వాణిజ్య సలహా నివేదికలు, ముద్రించినవి, ముద్రించనివి’ అని రాశారు. ఇది త్యాగమని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోరు. అక్క చెప్పింది కాబట్టి రాశానంటారు. పైగా రాస్తూంటే సూట్‌కేసు గుర్తొచ్చిందని కూడా చెబుతారు.

అధ్యక్షురాలు ఆ కాగితం పైకి చదివింది. చదువుతూ సగంలో ఆవిడ గొంతు సన్నబడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మిగతా ఆరు దేశాల ప్రతినిధులూ ఒక్కసారి కుర్చీల్లో కదిలారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ముగ్గురు ఏడాదిలోపు రిటైరవుతున్నారు. అధ్యక్షురాలికి రెండేళ్ళుంది.

“ఇది ప్రాంతీయ మేధాసంపత్తికే గొడ్డలిపెట్టు!” అన్నాడు కొండల దేశం ఆయన.

“మీరు ఇది మూస్తే మేమూ మూయాలి కదండీ!” అన్నాడు అడవుల దేశం ఆయన దిగాలుగా.

గోధుమల మీద పదేళ్ళు కొట్టుకున్న రెండు దేశాలు లేచి, అసలు ఈ పద్నాలుగో అధికరణమే అన్యాయమని ఒకే గొంతుతో అన్నాయి. ఐదు అంటే ఐదే ఎందుకుండాలి, నాలుగుంటే పరువు పోతుందా అని అందరూ ఒకరినొకరు అడిగారు. ఆ అధికరణాన్ని ఎత్తేశారు. గొడుగులు, లంగర్లు, రైలు పట్టాలు, కొత్తగా రాసిన నివేదికలు అన్నీ జాబితాల్లోంచి లేచిపోయాయి. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. కూటమి చరిత్రలో ఒక్క కామా కూడా మార్చకుండా ఏకగ్రీవంగా నెగ్గిన మొదటి తీర్మానం అదే. మినిట్స్‌లో దాన్ని ‘అపూర్వ ప్రాంతీయ సంఘీభావం’ అని రాశారు. అందరూ కామా గారి భుజం తట్టారు. సముద్రం గది కూడా దక్కింది. ఆయనకి ఆ రోజు టీ సహించలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పారు. అక్క పడీపడీ నవ్వింది.

“తొమ్మిది నిమిషాలా? ఇన్నేళ్ళూ మీ దాకా రాలేదన్నమాట!”

“రాలేదక్కా.”

“పోనీలే, దారికొచ్చింది. మరి ఎప్పట్నుంచి?”

కామా గారు బల్ల మీద లేని దుమ్ము తుడిచారు. “ఏడు దేశాల ప్రభుత్వాలూ సంతకాలు పెట్టాలి. పెట్టాక తొంభై రోజులు.”

అక్క నవ్వు ఆగిపోయింది. “వానలు నలభై రోజుల్లో వచ్చేస్తాయిరా.”

“తెలుసక్కా.”

“గొడుగులు అమ్ముకునేది వానల ముందే కదా?”

తొంభై రోజులు అన్నది కూడా ఎవరు రాశారో అక్క అడగలేదు. అడగనందుకు ఆయనకి మరింత సిగ్గేసింది.

“సరే. తాళం మాత్రం వెయ్యను. ఈ ఏడు ఎలాగో ఈడుస్తాను, ఉన్న ఏడుగురితోనే. కుట్టుపెద్దమ్మకి ఈ ఏటికి పని లేదని, వచ్చే ఏడు తప్పకుండా పిలుస్తానని నువ్వే వెళ్ళి చెప్పు. నాకు మొహం చెల్లడం లేదు.”

కుట్టుపెద్దమ్మ రెండు వీధుల అవతల ఒక హాస్టల్ వంటింట్లో చేరింది. కామా గారు వెనక గుమ్మంలోంచి వెళ్ళేసరికి ఆవిడ తొట్టి ముందు పీట వేసుకుని కంచాలు తోముతోంది. పక్కన కంచాల దొంతర ఆవిడ భుజాల ఎత్తున ఉంది. ఆయన్ని చూసి చేతులు తుడుచుకోబోయింది.

“ఫర్వాలేదమ్మా, కానివ్వండి,” అని ఆయన నిలబడే అంతా చెప్పారు. గేటు మూయడం, లారీ ఆగడం, జాబితా, తీర్మానం, తొంభై రోజులు. ఆవిడ తోముతూనే విన్నది.

“అయితే వచ్చే ఏడు రమ్మంటారు.”

“తప్పకుండా రావాలమ్మా.”

“అది సరే బాబూ. అసలు గొడుగులు ఆపెయ్యమని రాసిందెవరు?”

మైకు ముందు, ఏడు జెండాల ఎదుట ఒక్క గుక్కలో అనేసిన మాటే. అదివరకు అనడం అయిపోయింది కదా, ఈసారి తేలికవుతుందని ఆయన అనుకున్నారు. కాలేదు. ఆవిడ వేళ్ళు చూశారు. సూదికి అలవాటుపడ్డ సన్నటి వేళ్ళు, చివర్లు నీళ్ళకి నాని తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

“నేనేనమ్మా. తెలీక రాశాను. పొరపాటు.”

కుట్టుపెద్దమ్మ చెయ్యి ఆగింది. తిడుతుందని ఆయన ఎదురుచూశారు. తిడితే బాగుండునని కూడా అనుకున్నారు.

“పొరపాటేనా?” అంది ఆవిడ. మొహంలో ఏదో బరువు దిగినట్టయింది. “నయం బాబూ. ఇన్నాళ్ళూ నా కుట్టులో ఏం తేడా వచ్చిందా అని రోజూ ఆలోచిస్తున్నాను. ఎక్కడో కారి ఉంటుంది, ఎవరో పెద్దవాళ్ళు తడిసుంటారు, అందుకే ఆపేశారు అనుకున్నాను.”

ఆవిడ దొంతరలోంచి ఇంకో కంచం తీసుకుంది.